500 జీబీ డిస్కు నుంచి 100 జీబీకి: మా క్లౌడ్ సర్వర్‌తో నా అనుభవం

అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌లో సర్వర్ డిస్కు పెంచడం ఎంత తేలికో, తగ్గించడం అంత పని. పెంచాలంటే కన్సోల్‌లో అంకె మార్చి, సర్వర్ లోపల పార్టిషన్‌నీ (డిస్కులోని భాగాన్ని), ఫైల్ సిస్టమ్‌నీ (అందులో ఫైళ్ళ అమరికని) సాగదీస్తే అయిపోతుంది. నడుస్తున్న సర్వర్‌ని ఆపక్కర్లేదు కూడా. 2017 నుంచి ఈ సదుపాయం ఉంది. అదే గడిలో ఉన్నదానికంటే చిన్న అంకె వేస్తే మాత్రం ఒప్పుకోదు. గూగుల్ క్లౌడ్‌లోనైనా, అజూర్‌లోనైనా ఇదే తీరు. కాబట్టి డిస్కు తగ్గించడం అన్నది నిజానికి చిన్న డిస్కు కొత్తగా తీసుకుని, సామానంతా అందులోకి చేర్చి, పాత ఇల్లు ఖాళీ చెయ్యడమే. ఈ మధ్య ఆ పని చేశాను. ఒక్క ఫైలూ పోలేదు. చేసే ముందు నాకు తెలుగులో దీని గురించి చదువుకోడానికి ఏమీ దొరకలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

సర్వర్ మా చిన్న సాహిత్య సంస్థది. పాత తెలుగు పత్రికలు సేకరించి, స్కాన్ చేసి, ఎవరైనా చదువుకునేలా ఉంచుతాం. విరాళాలతో నడుస్తుంది. స్కానింగ్ జోరుగా సాగిన రోజుల్లో టిఫ్ ఫైళ్ళన్నీ సర్వర్ డిస్కు మీదే పెట్టేవాళ్ళం. ఏ4 సైజు పేజీని 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే ఒక్కోటి దాదాపు 26 ఎంబీ. అలా డిస్కు 500 జీబీ దాకా పెరిగింది. తర్వాత టిఫ్‌లన్నిటినీ ఎస్3కి, అంటే ఏడబ్ల్యూఎస్‌లోనే విడిగా ఫైళ్ళు దాచుకునే చోటికి, తరలించాం. సర్వర్ మీద ఇప్పుడున్నవి చదవడానికి వీలుగా చిన్నవి చేసిన బొమ్మలు, డేటాబేసు, వెబ్‌సైటు మాత్రమే. అన్నీ కలిపి 58 జీబీ.

కానీ బిల్లు వాడినదానికి రాదు, తీసుకున్నదానికి వస్తుంది. మాది ముంబయి రీజియన్, డిస్కు పాత జీపీ2 రకం. దాని తర్వాత వచ్చిన రకం జీపీ3. అక్కడ జీపీ2కి జీబీకి నెలకి 0.114 డాలర్లు. అంటే 500కి 57 డాలర్లు, మన డబ్బుల్లో సుమారు ఐదు వేల రూపాయలు, జీఎస్టీ కాక. అదే 100 జీబీ జీపీ3 అయితే 9 డాలర్ల చిల్లర. ఎవరో పెన్షన్‌లోంచి పంపిన విరాళం ఖాళీ డిస్కుకి అద్దెగా పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

ఇక్కడ ఒక మాట. మీకు డిస్కు తగ్గించేంత అవసరం లేకపోయినా, ఇంకా జీపీ2లో ఉంటే ముందు జీపీ3కి మార్చుకోండి. సైజు అలాగే ఉంచి రకం మార్చడం సర్వర్ నడుస్తుండగానే అవుతుంది, 20 శాతం తగ్గుతుంది. డిస్కు తగ్గించేవాళ్ళకైతే ఇది ఇంకా ముఖ్యం. జీపీ2లో వేగం సైజుని బట్టి వస్తుంది, జీబీకి 3 ఐఓపీఎస్ (సెకనుకి ఎన్నిసార్లు చదవగలదో, రాయగలదో ఆ లెక్క) చొప్పున. 500 జీబీకి 1,500 వచ్చేవి, 100 జీబీకి 300కి పడిపోతాయి. వాడకుండా మిగిలిన వేగం నిల్వ ఉంటే కాసేపు 3,000 దాకా పోగలదు గానీ ఆ నిల్వ అయిపోతే మళ్ళీ 300. జీపీ3లో ఎంత చిన్న డిస్కుకైనా 3,000 ఉంటుంది. ఇది చూసుకోకుండా జీపీ2లోనే చిన్నది తీసుకుంటే డబ్బు మిగులుతుంది, సైటు నెమ్మదిస్తుంది.

స్నాప్‌షాట్ (డిస్కు ఆ క్షణంలో ఉన్నట్టు దాచుకునే నకలు) తీసి దాని నుంచి చిన్న డిస్కు చేసుకుంటే పోదా అని చాలామంది అడుగుతారు. కుదరదు. స్నాప్‌షాట్‌కి ఫైళ్ళు తెలియవు, డిస్కు బ్లాకులే, అంటే దాని చిన్న చిన్న గడులే తెలుసు. మన 58 జీబీ డిస్కు మొదట్లో బుద్ధిగా కూర్చుని ఉండదు, 500 జీబీ మేరా చెల్లాచెదురుగా ఉంటుంది. అందుకే స్నాప్‌షాట్ నుంచి చేసే డిస్కు అసలు డిస్కు అంతైనా ఉండాలి, లేదా ఇంకా పెద్దదై ఉండాలి. ఇంకో దారి, ఫైల్ సిస్టమ్‌నే ముందు కుదించి ఆ భాగాన్ని బ్లాకులుగా చిన్న డిస్కులోకి ఎత్తడం. మా ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) సర్వర్‌లో ఉన్న ఫైల్ సిస్టమ్ ఇఎక్స్‌టి4, దాన్ని మౌంట్ తీసేసి, అంటే వాడకంలోంచి తప్పించి, కుదించవచ్చు. అమెజాన్ లినక్స్‌లో వచ్చే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని అలా కుదించే మార్గం లేనట్టే. మాకు వీలున్నా ఆ దారి వద్దనుకున్నాను. కుదించేటప్పుడు చెయ్యి పడేది అసలు డేటా మీదే. ఫైళ్ళుగా కాపీ చేస్తే పాత డిస్కుని కేవలం చదువుతాం. ఏం జరిగినా అది అక్కడ అలాగే ఉంటుంది. నాకు ఆ ధైర్యం కావాలి.

కొత్త సర్వర్ మొదటి నుంచి కట్టుకోవడం మంచిది కాదా అంటే, చాలాచోట్ల అదే మంచిది. మా సర్వర్‌లో ఎన్నో ఏళ్ళుగా ఎందరో వాలంటీర్లు చేర్చిన చిన్న చిన్న ప్రోగ్రాములు, వేళకి వాటంతటవే నడిచే క్రాన్ పనులు ఉన్నాయి. వాటికి రాతపూర్వకంగా ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు తరలించడమే క్షేమం అనిపించింది.

ముందు కొలతలు. డిస్కు ఎంత నిండిందో చూపే డీఎఫ్ ఆదేశం చెప్పే లెక్కకీ, ఫైళ్ళ సైజులు కూడే డీయూ చెప్పే లెక్కకీ తేడా ఉంటే కారణం తెలుసుకోవాలి. చెరిపేసినా ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకున్న లాగ్ ఫైళ్ళు తరచూ ఆ తేడాకి కారణం. మా దగ్గర రెండూ కలిశాయి. 58 జీబీకి 80 సరిపోతుంది. కానీ డేటాబేసులో పెద్ద టేబుల్‌ని మార్చినప్పుడు దాని నకలు ఇంకొకటి తయారవుతుంది, బ్యాకప్ ఫైలు కాసేపు అక్కడే ఉంటుంది. అందుకని 100 అనుకున్నాను.

అంతకంటే ముఖ్యమైన కొలత ఐనోడ్‌లు, అంటే ఒక్కో ఫైలుకీ ఒక్కోటి కావలసిన నమోదు గడులు. ఇఎక్స్‌టి4లో ఎంత చోటుకి ఎన్ని ఫైళ్ళు పట్టగలవో ఫార్మాట్ చేసిననాడే నిర్ణయమైపోతుంది, మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున. 500 జీబీ డిస్కుకి 3 కోట్ల 27 లక్షలు వచ్చాయి. 100 జీబీకి 65 లక్షలే వస్తాయి. మావి చిన్న చిన్న బొమ్మలు. పేజీకి మూడు సైజుల్లో ఉంటాయి, లెక్క తీస్తే 40 లక్షలు దాటాయి. జీబీలు ఇంకా ఖాళీగా ఉండగానే ఫైళ్ళ లెక్క నిండిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు డిస్కులో చోటున్నా చోటు లేదనే చెబుతుంది. అందుకే ఫార్మాట్ చేసేటప్పుడు 8 కేబీకి ఒకటి అని చెప్పి రెట్టింపు చేసుకున్నాను. దానికోసం ఒకటిన్నర జీబీ చిల్లర అదనంగా పోతుంది, పోనీ. చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉన్నవాళ్ళు డిస్కు తగ్గించే ముందు ఈ ఒక్కటీ తప్పకుండా చూసుకోండి.

తర్వాత బ్యాకప్‌లు. పాత డిస్కుకి స్నాప్‌షాట్ తీశాను. డేటాబేసుని విడిగా డంప్ చేసి నా లాప్‌టాప్‌లో తెరిచి, టేబుళ్ళన్నీ ఉన్నాయో లేదో చూశాను.

కొత్త డిస్కు సర్వర్ ఉన్న అవైలబిలిటీ జోన్‌లోనే (రీజియన్‌లో ఒక విభాగం) తీసుకోవాలి, పక్క జోన్‌లోది తగిలించడం కుదరదు. తగిలించేటప్పుడు కన్సోల్‌లో మనం ఇచ్చే పేరు ఒకటి, ఇప్పటి సర్వర్లలో లినక్స్ చూపించే ఎన్‌వీఎంఈ పేరు వేరొకటి. పైగా రీబూట్ అయితే ఆ వరస మారవచ్చు. ఫార్మాట్ చెయ్యబోయే డిస్కు ఏదో పేరు చూసి నమ్మకూడదు. డిస్కుల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌బీఎల్‌కే ఆదేశాన్ని సీరియల్ నంబర్ చూపించమంటే అందులో వాల్యూమ్ ఐడీ కనిపిస్తుంది. కన్సోల్‌లో ఉన్న ఐడీతో దాన్ని అక్షరం అక్షరం పోల్చుకున్నాకే ఫార్మాట్ చేశాను.

మాది ఉబుంటు 22.04. దాని డిస్కులో మూడు పార్టిషన్లు ఉంటాయి: ఒకటోది అసలైన రూట్, అంటే సిస్టమూ ఫైళ్ళూ ఉండేది, పద్నాలుగోది బయోస్ బూట్ కోసం 4 ఎంబీ, పదిహేనోది ఈఎఫ్‌ఐ కోసం 106 ఎంబీ (ఈ రెండూ సర్వర్ మొదలవ్వడానికి). కొత్తదాంట్లో అదే అమరిక చేసుకున్నాను. ఫైల్ సిస్టమ్ లేబుళ్ళ విషయంలో మాత్రం ఆగాను. ఉబుంటులో ఏ డిస్కు ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలు డిస్కుని లేబుల్‌తోనే వెతుకుతుంది. ఒకే లేబుల్‌తో రెండు డిస్కులు తగిలి ఉండగా సర్వర్ ఎందుకైనా రీబూట్ అయితే ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం. ఆ లేబుల్‌ని చివర్లో మార్పిడికి ముందు పెట్టాను.

కాపీకి ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ వాడాను. మళ్ళీ నడిపితే అది మారిన ఫైళ్ళనే చేరుస్తుంది. హార్డ్ లింకులు (ఒకే ఫైలుకి రెండు పేర్లు), ఏసీఎల్‌లు (ఎవరికి ఏ అనుమతి ఉందో), అదనపు గుణాలు, యూజర్ నంబర్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు రావాలని విడివిడిగా చెప్పాలి, మామూలు ఆర్కైవ్ పద్ధతిలో ఇవన్నీ రావు. రూట్‌ని ఇంకో ఫోల్డర్‌లోకి బైండ్ మౌంట్ చేసి, అంటే అక్కడ కూడా కనిపించేలా చేసి, అక్కడి నుంచి కాపీ చేశాను. అలా చేస్తే లినక్స్ నడుస్తుండగా అప్పటికప్పుడు తయారు చేసుకునే ప్రాక్, సిస్, డెవ్ లాంటివి వాటంతటవే బయట ఉండిపోతాయి, వాటికి కావలసిన ఖాళీ ఫోల్డర్లు మాత్రం వస్తాయి. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని విడిగా కాపీ చేసుకోవాలి.

మొదటి కాపీ సైటు నడుస్తుండగానే, తక్కువ ప్రాధాన్యంతో మొదలుపెట్టాను. 58 జీబీయే కదా, సెకనుకి 125 ఎంబీ లెక్కన పది నిమిషాల పని అని కాగితం మీద వస్తుంది. కానీ 40 లక్షల చిన్న ఫైళ్ళు. పొద్దున మొదలెడితే సాయంత్రానికి అయింది. ఈ మొదటి కాపీలో డేటాబేసు ఫైళ్ళని లెక్కలోకి తీసుకోకూడదు. నడుస్తున్న డేటాబేసుని కాపీ చేస్తే ఒక్కో ఫైలు ఒక్కో క్షణానిది అవుతుంది. అది రిహార్సల్‌కి పనికొస్తుందంతే.

ఫైళ్ళ పేర్ల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది మన లిపితో పనిచేసేవాళ్ళకే ఎదురయ్యే సంగతి. మా స్కాన్లలో చాలావాటికి తెలుగు పేర్లే ఉన్నాయి. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు: ఒకే సంకేతంగా, లేదా ఎత్వం పక్కన ఐత్వపు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగా. కంటికి రెండూ ఒకటే. పాత మ్యాక్ డిస్కులు పేర్లని విడగొట్టి రెండు సంకేతాలుగా దాచేవి. అందుకని కొందరు వాలంటీర్ల మ్యాక్‌ల మీదుగా వచ్చిన 'వైశాఖం' ఒక రకం, విండోస్ నుంచి వచ్చిన 'వైశాఖం' ఇంకో రకం. డేటాబేసులో ఏ రకంగా ఉంటే ఫైలు పేరూ సరిగ్గా ఆ రకంగానే ఉండాలి, లేకపోతే పేజీ తెరుచుకోదు. సర్వర్ నుంచి సర్వర్‌కి ఆర్‌సింక్ పేర్లని బైట్లుగానే చూస్తుంది, ఏమీ సరిదిద్దదు. మాకు కావలసింది అదే. ఎవరి లాప్‌టాప్‌లోకో దించుకుని మళ్ళీ ఎక్కించుదాం అనే ఆలోచన మా వాళ్ళలో ఒకరికి వచ్చింది. ఈ కారణంగానే గట్టిగా వద్దన్నాను.

బూట్ సంగతి అందరినీ భయపెట్టేది. కొత్త డిస్కులోకి క్రూట్ చేసి, అంటే దాన్నే రూట్ అనుకునేలా చేసి, సర్వర్‌ని మొదలుపెట్టే గ్రబ్ ప్రోగ్రామ్‌ని ఇన్‌స్టాల్ చెయ్యాలి, దాని కాన్ఫిగరేషన్ తిరగరాయించాలి. అంతటితో సరిపోదు. పాత డిస్కు గుర్తింపులు, అంటే యూయూఐడీలు, పార్ట్‌యూయూఐడీలు కాగితం మీద రాసుకుని, కొత్త డిస్కులో ఈటీసీ, బూట్ ఫోల్డర్లంతా వాటికోసం వెతికాను. ఒకచోట దొరికింది. ఉబుంటు క్లౌడ్ ఇమేజిల్లో ఈటీసీ కింద గ్రబ్ సెట్టింగుల ఫోల్డర్‌లో '40-ఫోర్స్-పార్ట్‌యూయూఐడీ' అనే చిన్న ఫైలు ఉంటుంది. రూట్ డిస్కు గుర్తింపు అందులో నేరుగా రాసి ఉంటుంది. దాన్ని మార్చకుండా గ్రబ్‌ని ఎన్నిసార్లు తిరగరాయించినా పాత డిస్కు కోసమే వెతుకుతుంది. అది మార్చి మళ్ళీ రాయించాను. తర్వాత కాపీల్లో ఇది మళ్ళీ పాతదానితో కప్పబడకుండా ఆ ఫైలునీ, గ్రబ్ ఫోల్డర్‌నీ ఆర్‌సింక్ మినహాయింపుల్లో చేర్చాను.

ఇప్పుడు రిహార్సల్. దీన్ని వదిలెయ్యవద్దని బతిమాలుతున్నాను. కొత్త డిస్కుకి స్నాప్‌షాట్ తీసి, దాని నుంచి ఇంకో డిస్కు చేసి, ఆ నకలుకి మాత్రం లేబుళ్ళు పెట్టి, తర్వాత పారేసే చిన్న సర్వర్ ఒకటి లేపి, దాన్ని ఆపి, దాని రూట్ డిస్కు తీసేసి, అక్కడ మన నకలు తగిలించాను. తగిలించేటప్పుడు రూట్ పేరు సరిగ్గా అదే ఉండాలి, మాకు ఎస్‌డీఏ1. లేకపోతే రూట్ డిస్కే లేదని సర్వర్ మొదలవ్వదు.

మొదలుపెట్టే ముందు ఆ సర్వర్ సెక్యూరిటీ గ్రూపులో (నెట్‌వర్క్ రాకపోకల నియమాల్లో) బయటికి వెళ్ళే దారులన్నీ మూసేశాను. మామూలుగా అవి తెరిచే ఉంటాయి. నకలు సర్వర్‌కి తాను నకలని తెలియదు. లేవగానే క్రాన్ పనులు మొదలుపెట్టి, దాతలందరికీ రసీదు మెయిళ్ళు ఇంకోసారి పంపేస్తుంది. ఎస్3లో ఫైళ్ళు మారుస్తుంది. డబ్బు లావాదేవీలున్న సర్వరైతే ఇది ఇంకా పెద్ద ప్రమాదం.

నకలు లేచింది. విఫలమైన సర్వీసుల జాబితా చూస్తే ఒకటుంది, స్వాప్, అంటే మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు చోటు. ఆర్‌సింక్‌కి స్పార్స్ ఫైళ్ళని, అంటే మధ్యలో ఖాళీలున్న ఫైళ్ళని, అలాగే ఉంచమని చెప్పాను. సున్నాలతో నిండి ఉన్న స్వాప్ ఫైలుని అది ఖాళీలతో రాసింది. ఖాళీలున్న ఫైలుని లినక్స్ స్వాప్‌గా తీసుకోదు. స్వాప్ ఫైలుని కాపీ నుంచి తప్పించి, కొత్త డిస్కులో కొత్తగా తయారు చేశాను. ఇంకో విషయం గమనించాను: సర్వర్ ఐడీ మారింది కాబట్టి కొత్త సర్వర్లని సిద్ధం చేసే క్లౌడ్-ఇనిట్ దాన్ని కొత్త సర్వర్ అనుకుని ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (సర్వర్‌ని గుర్తుపట్టే కీలు) కొత్తవి పుట్టించింది. అసలు కొత్త డిస్కుతోనే రిహార్సల్ చేసి ఉంటే ఆ మార్పులన్నీ అందులో మిగిలిపోయేవి. నకలు మీద చేయడం అందుకే. నకలుని పారేశాను.

మార్పిడి ఆదివారం రాత్రి పెట్టుకున్నాం. ఎలాస్టిక్ ఐపీ, అంటే మారని పబ్లిక్ చిరునామా, ఉందో లేదో ముందే చూశాను. అది లేని సర్వర్‌ని ఆపి మొదలుపెడితే పబ్లిక్ చిరునామా మారిపోతుంది. సైటు మీద నోటీసు పెట్టి, వెబ్ సర్వర్, డేటాబేసు, క్రాన్ ఆపేసి, చివరి ఆర్‌సింక్ నడిపాను. పాత డిస్కులో లేనివి కొత్తదాంట్లోనూ చెరిగిపోయేలా, మినహాయింపులు మాత్రం అలాగే ఉండేలా. మారినవి కొన్నే అయినా 40 లక్షల పేర్లు మళ్ళీ చూడాలి కాబట్టి కాస్త సమయం పట్టింది. దాని తర్వాత అదే ఆర్‌సింక్‌ని ఏమీ రాయకుండా, చెక్‌సమ్‌లతో (ఫైలు లోపలి విషయం నుంచి లెక్కగట్టే సంఖ్యలతో) పోల్చి తేడాలు చూపించమని ఇంకోసారి నడిపాను. ఇది రెండు డిస్కుల్నీ పూర్తిగా చదువుతుంది, తొందరపడకూడదు. తేడాల్లో వచ్చినవి అప్పటికప్పుడు పెరుగుతున్న రెండు లాగ్ ఫైళ్ళే.

లేబుళ్ళు పెట్టి, సర్వర్ ఆపి, 500 తీసి 100 తగిలించి, మొదలుపెట్టాను. కన్సోల్‌లో సిస్టమ్ లాగ్ చూస్తూ కూర్చున్నాను. లాగిన్ వరుస కనిపించింది, స్టేటస్ చెక్‌లు పచ్చబడ్డాయి. డేటాబేసులో టేబుళ్ళన్నీ తనిఖీ చేయించాను. మా సంస్థ అధ్యక్షులకి ఫోన్ చేశాను, అప్పటికి పదకొండు దాటినా మేలుకునే ఉన్నారు.

"మాస్టారూ, సైటు వచ్చేసిందండీ. ఒకసారి చూస్తారా?"

"అన్నీ ఉన్నాయా నాయనా?"

"మీరు ఎక్కువగా చూసేవి నాలుగు తెరవండి. తెలుగు పేర్లున్నవి ముఖ్యంగా."

ఫోన్ పెట్టకుండానే ఒక్కొక్కటీ తెరుస్తూ, పేజీ నంబర్లు పైకి చదువుతూ వెళ్ళారు. తెరుచుకోనిది ఒక్కటీ లేదు.

పని అక్కడితో అయిపోలేదు. రూట్ డిస్కు చేత్తో తగిలించినప్పుడు, సర్వర్ రద్దు చేస్తే డిస్కు కూడా పోవాలా వద్దా అన్న సెట్టింగు మారుతుంది, అది మనకి కావలసినట్టు పెట్టుకోవాలి. రోజువారీ స్నాప్‌షాట్ల ఏర్పాటు పాత డిస్కుకి ఉంటుంది, కొత్తదానికి విడిగా పెట్టాలి. పాత డిస్కుని తీసి పక్కన పెట్టినా దానికి అద్దె నడుస్తూనే ఉంటుంది. రెండు వారాలు మాత్రం ఉంచాలని ముందే నిర్ణయించుకున్నాం. ఆ డబ్బు బీమా ఖర్చు.

స్నాప్‌షాట్ల విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. పాత డిస్కుని చెరిపేసి దాని స్నాప్‌షాట్ ఉంచుకుంటే 58 జీబీకే కదా ఖర్చు అనుకుంటారు. స్నాప్‌షాట్‌కి ఫైళ్ళు తెలియవని పైన చెప్పాను కదా. చెరిపేసిన టిఫ్‌లు ఉన్న బ్లాకులు కూడా అందులో ఉంటాయి, ఎప్పుడో ఒకసారి రాసిన ప్రతి బ్లాకూ లెక్కే. మా డిస్కు ఒకప్పుడు దాదాపు నిండింది కాబట్టి ఆ స్నాప్‌షాట్ 500కి దగ్గరగా ఉంటుంది. జీబీకి 0.05 డాలర్ల చొప్పున వేసుకున్నా నెలకి ఇరవై డాలర్లు దాటుతుంది, మిగుల్చుకున్నదాంట్లో సగానికి దగ్గర దానికే పోతుంది. అందుకని రెండు వారాలయ్యాక, కొత్త డిస్కు స్నాప్‌షాట్ నుంచి ఒక ఫోల్డర్ వెనక్కి తీసి చూసుకుని, పాత డిస్కునీ దాని స్నాప్‌షాట్లన్నిటినీ కలిపి తీసేశాను.

డిస్కు ఎంత నిండిందో ఏడబ్ల్యూఎస్ పర్యవేక్షణ సేవ క్లౌడ్‌వాచ్ దానంతట అది చెప్పదు. సర్వర్ లోపల ఏజెంట్ పెట్టాలి. అది పెట్టి, జీబీలు 75 శాతం దాటినా, ఐనోడ్‌లు 75 శాతం దాటినా నాకూ ఇంకో వాలంటీర్‌కీ మెయిల్ వచ్చేలా చేశాను. మెయిల్ వచ్చిన రోజున 20 జీబీ పెంచుతాం, అంతకు మించి పెంచం.